తాత చూసి ఒప్పుకున్న విమానం

మా వైపు పిల్లనిచ్చే ముందు పెద్దవాళ్ళు అబ్బాయి ఊరికి పోయి ఇల్లూ వాకిలీ చూసి వస్తారు. ఇల్లు చూడటమనేది పేరుకే. వాళ్ళ కళ్ళు పోయేది బావి మీదికి, పశువుల కొట్టం మీదికి. బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, కొట్టంలో ఎద్దులు ఏ పాటివి అన్నది తేలాకే తక్కిన మాటలు. నా పెండ్లికి ముందు మా తాత అట్లాగే పోయి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. అబ్బాయిది పులివెందుల దగ్గర లింగాల. వాళ్ళు సేద్యం వదిలి చాలా కాలమైంది. కొట్టంలో చెరుకు పిప్పి, విరిగిన మంచం తప్ప ఏమీ లేవు. అబ్బాయి బొంబాయిలో ఒక విమానాల కంపెనీలో మెకానిక్కు.

"వాళ్ళింట్లో ఎద్దుల్లేవు. విమానాలుండాయంట" అని తాత అరుగు మీద కూలబడ్డాడు.

"మరి అవి చూసొచ్చినావా?" అన్నాను నేను. పెండ్లి కాబోయే పిల్ల నోరు మూసుకుని ఉండాలన్న నియమం మా ఇంట్లో ఎవరూ నాకు నేర్పలేదు.

"చూడలా. చూస్తా" అన్నాడు తాత.

అందరం నవ్వుకున్నాం. మా తాత ఊరికే ఏ మాటా అనడని అందరికన్నా నాకు బాగా తెలుసు, అయినా నవ్వాను.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయి ఎక్కువ కాలం కాలేదు. మా నాన్న పులివెందులలో బడిపంతులు. నేను పెరిగింది మాత్రం జమ్మలమడుగులో, అమ్మను కన్న తాత దగ్గర. ఎద్దులను చూడటంలో మా తాతది అందెవేసిన చెయ్యి. ప్రొద్దుటూరు సంతలో జత కొనాలంటే దువ్వూరు నుంచి, కమలాపురం నుంచి కూడా రైతులు వచ్చి ఆయన్ను వెంటబెట్టుకుని పోయేవారు. నోరు తెరిపించి పండ్లు చూసి వయసు చెప్పేవాడు, ఒంటి మీద సుళ్ళు చూసేవాడు, గిట్టలు ఎత్తి చూసేవాడు. ఇవి అందరూ చేసేవే. ఆయన ఒక్కడే చేసేది ఇసక పరీక్ష. నచ్చిన జతను పెన్నేట్లోకి తోలించి, బండి చక్రాలు తిరక్కుండా మోకులతో కట్టేసి, ఇసకలో లాగించేవాడు. అమ్మేవాడు లబలబలాడినా వినేవాడు కాదు. లాగి లాగి ఒక ఎద్దు మోకాళ్ళ మీద కూలబడేదాకా ఆయనకు నిద్రపట్టదు. అది కూలబడినప్పుడు పక్కది ఏం చేస్తుంది, పడింది మళ్ళీ లేస్తుందా, లేచి లాగుతుందా అన్నదే ఆయనకు కావాలి. "నిలబడుకోనుంటే అన్ని ఎద్దులూ మంచివే" అనేవాడు. అందం చూసి జతను మెచ్చుకునేవాడు కనబడితే ఎగాదిగా చూసి పక్కకు తిరిగేవాడు.

ఆ పరీక్ష ఆయనకు మొదటినుంచీ ఉన్న అలవాటు కాదు. మా అమ్మ పోయాక వచ్చింది. నాకప్పుడు మూడేళ్ళు. నాకేమీ గుర్తులేదు, చెప్పగా విన్నదే. అమ్మనూ నన్నూ పులివెందులలో నాన్న దగ్గర దిగబెట్టడానికి తాత బండి కట్టాడు. అప్పుడే కొన్న జత, తెల్లగా మెరుస్తూ, వీధి వీధంతా వచ్చి చూసిపోయిన జత. ముద్దనూరు దారి పట్టాలంటే ఏరు దాటాలి. మోకాలిలోతు నీళ్ళే. నడిమధ్యకు పోయాక చక్రం ఇసకలో దిగబడింది, ఎద్దులు కాడి పడేశాయి. పైనెక్కడో కురిసిన వాన అప్పుడే ఏటికి వచ్చింది. గట్టున ఉన్నవాళ్ళు మోకులు విసిరి తాతను, ఆయన చంకలో ఉన్న నన్ను లాగారు. అమ్మ అందలేదు. ఇంతకన్నా మా ఇంట్లో ఎవరూ ఏనాడూ చెప్పలేదు. తాత ఇంత కూడా చెప్పలేదు.

కొట్టం నచ్చకపోయినా అబ్బాయి నచ్చి తాత పెండ్లి జరిపించాడు. పెండ్లయిన కొన్నాళ్ళకే కంపెనీ మా ఆయన్ని నైరోబీకి వేసింది. అక్కడ దిగే తమ విమానాలను చూసుకునే పని, మూడేళ్ళు. భార్యకు కూడా టికెట్టు వాళ్ళదే. నేను ఎగిరి గంతేశాను. నైరోబీ ఏ దిక్కున ఉందో తెలియదు, అక్కడ ఏం తింటారో తెలియదు. కొత్తగా పెండ్లయిన మొగుడు ఒకచోట, నేనొకచోట ఉండటం నాకు ఇష్టం లేదు, అంతే. ఆ మాట పైకి అనడానికి ఆ రోజుల్లో సిగ్గుపడాలి కాబట్టి సిగ్గుపడుతూ అన్నాను. నాన్న బడి నుంచి పటం తెచ్చి పరిచాడు. బొంబాయికీ ఆఫ్రికాకూ నడుమ అంతా నీలం రంగే. నాన్న ఆ నీలాన్ని చూసి, నన్ను చూసి, పటం చుట్టుకుని మెల్లగా జారుకున్నాడు. మామగారికి ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఆయనకు ఎప్పుడూ లేదు.

చెప్పింది నేనే.

"నీళ్ళ మీదనా?" అన్నాడు తాత.

"నీళ్ళ మీద కాదు తాతా, నీళ్ళకు పైన. శానా పైన."

"పైనుంచి పడితే యాడ పడ్తాది?"

 ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను చూడాల. చూసినాకనే మాట."

ఆయన వద్దంటే నేను పోయేదాన్ని కాదు. భయపడి కాదు. ఏట్లోంచి నన్ను చంకలో పెట్టుకుని బయటపడిన మనిషి, ఆ తర్వాత నా జడ కూడా తనే వేసిన మనిషి. ఆయన మనసు కష్టపెట్టి విమానమెక్కితే నా కాపురం నాకే రుచించదు. కాబట్టి నా మూడేళ్ళ కాపురం తాత చూపు మీద వేలాడుతూ ఉండింది. ఎద్దులు అమ్ముకునేవాళ్ళు ఆయన ముందు ఎందుకు అంత గింజుకునేవారో నాకు అప్పుడు తెలిసింది.

మా ఆయనకు రాస్తే రమ్మన్నాడు. తాత తోడుకు సాయిబును పిలిచాడు. ఈ సాయిబు ఎద్దులకు లాడాలు కొట్టేవాడు, తాతకు చిన్నప్పటి నేస్తం. నేను సాయిబు తాత అనేదాన్ని. బొంబాయిలో మాట్లాడాలంటే ఉర్దూ కావాలని పిలిచానని తాత అన్నాడు గానీ, ఇద్దరూ ఒకరు లేకుండా ఒకరు సంతకు పోయినవాళ్ళు కాదు. ఎర్రగుంట్లలో రైలెక్కాం. దారిలో కృష్ణ వంతెన మీదికి రాగానే తాత కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. సాయిబు తాత కిటికీలోంచి తొంగి చూసి, "నీళ్ళు యాడుండాయి మామా, అంతా ఇసకే, కండ్లు తెరువు" అన్నాడు. నిజానికి కింద నిండుగా నీళ్ళున్నాయి.

బొంబాయిలో మా ఆయన మమ్మల్ని విమానాలు బాగుచేసే షెడ్డుకు తీసుకుపోయాడు. పై అధికారిని ఎట్లా ఒప్పించాడో నాకు తెలియదు. ప్రొద్దుటూరు సంత మొత్తం పట్టేంత షెడ్డది. రెండు విమానాలు నిలబడి ఉన్నాయి. ఒకటి పాతది, సన్నటి పొడుగాటి కాళ్ళ మీద, వెనక మూడు తోకలతో, రెక్కలకు నాలుగు పెద్ద పంకాలతో. రెండోది కొత్తది, వెండిలాగా మెరుస్తూ, రెక్కలు వెనక్కి వాలి, పంకాలు లేకుండా.

"ఇప్పుడు నైరోబీకి పోతాండేది ఈ పాతది, తాతా. ఇవన్నీ తీసేసి వీటి జాగాలో ఆ కొత్తవి తెస్తాండారు" అన్నాడు మా ఆయన.

"ఎందుకు తీసేది? ముసలిదైందా?"

"ముసలిదనే కాదు. మెల్లగా పోతాది. నడుమ ఏడెన్‌లో దిగాల. ఇంజన్లకు చాకిరి శానా. కొత్తది మబ్బుల కంటే పైన, దీనికి రెండింతల జోరుతో పోతాది."

"జోరుది ఏముంది, తురకల పెండ్లికి గుర్రం కూడా జోరుగానే పోతాది" అన్నాడు తాత. సాయిబు తాత పక్కనే ఉన్నా అనగలిగిన మాట అది. సాయిబు తాత నవ్వాడు.

తాత పని మొదలుపెట్టాడు. చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, పాత విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. పండ్లు యాడుంటాయని నన్ను అడిగాడు. నేను వేళాకోళానికి ముక్కు చూపించాను. ముక్కు కింద నిలబడి తలెత్తి చాలాసేపు చూశాడు. ఒంటి మీద అక్కడక్కడా రేకు అతుకులు ఉంటే ఒక్కొక్కదాని మీదా చెయ్యి పెట్టి తడిమాడు. ఇంజన్ల కింద నూనె కారకుండా తట్టలు పెట్టి ఉన్నాయి. తాత తట్టలోకి వంగి వేలు ముంచి వాసన చూశాడు.

"చెమట పడ్తాంది. పనిచేసే గొడ్డు" అన్నాడు.

అక్కడి పనివాళ్ళు చేతిలో పని వదిలేసి చుట్టూ మూగారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు మాత్రం ఆయన మీద ఆ నిమిషంలో పుట్టిన ప్రేమ ఇంకెప్పుడూ తగ్గలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నా మా తాత అడిగిన ప్రతి ప్రశ్నకూ నిలబడి జవాబు చెప్పాడు.

"రెండు ఇంజన్లవి లేవా?"

"ఉండాయి తాతా. ఊర్ల నడుమ తిరిగేదానికి. వాటిని ఇంత సముద్రం మీదికి పంపరు. నడిమధ్యలో ఒక ఇంజను ఆగిపోయినా మిగిలినవాటితో ఏదో ఒక గట్టు చేరాల. ఆ లెక్క కుదిరేవే కొంటారు."

"దున్నేదానికి ఒక జత, ఏరు దాటేదానికి రెండు జతలు. ఇది మాకు తెలీదా?" అని తాత సాయిబు వైపు చూశాడు. కంపెనీ మీద ఆయనకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

మా ఆయనకు ఊపు వచ్చింది. సముద్రం మీద పోయేటప్పుడు దారిలో ఒక గుర్తు పెట్టుకుంటారని చెప్పాడు. ఆ గుర్తుకు ఇవతల ఉండగా ఏదైనా చెడితే వెనక్కి తిరుగుతారు. దాటిపోయాక చెడితే ఇంక వెనక్కి రారు, ముందుకే పోతారు, అప్పుడు అదే దగ్గర కాబట్టి.

తాత మొహంలో నవ్వు పోయింది. "ఆ గుర్తు యాడుండాదో నడిపేటోనికి తెలుస్తాదా?"

"బయలుదేరక ముందే లెక్క కట్టి రాసుకుంటారు తాతా."

"బయలుదేరక ముందే" అని తాత ఆ మాటే మళ్ళీ అనుకున్నాడు. 

తర్వాత లోపలికి ఎక్కించి సీట్ల కింద పెట్టిన చొక్కాలు చూపించారు, నీళ్ళలో దిగాల్సి వస్తే గాలి ఊది వేసుకునేవి. ఆ పని ఎందుకు చేశాడో మా ఆయన్ని నేను ఇప్పటికీ అడుగుతుంటాను. ధైర్యం చెప్పడానికట! ఈత నేర్చుకునే పిల్లలకు నడుముకు బెండ్లు కట్టి బావిలోకి దించుతాం మేము. తాత ఆ చొక్కాను అటూ ఇటూ తిప్పి, "అయితే నీళ్ళలో దిగేది ఉండాదనే కదా" అని మడిచి జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టాడు.

కొత్త విమానం దగ్గరికి వచ్చాం. అది ఎంత ముద్దుగా ఉందంటే నేను నోరు తెరుచుకుని చూశాను. నేను దాన్ని చూడటం తాత చూశాడు. అదే దానికి చేటు తెచ్చిందని నా అనుమానం. సాయిబు తాత మాత్రం దాని చక్రాల దగ్గర కూర్చుని ఒక్కొక్క టైరూ తట్టి, "మామా, కాళ్ళు బాగుండాయి దీనికి. నాకిదే నచ్చింది" అన్నాడు.

"నీకేం, లాడం కొట్టేదానికి వీలుగా ఉంటే సాలు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని నీకు."

ఇక్కడే మా ఆయన చేయకూడని తప్పు చేశాడు. తాతను కొత్తదానికి ఒప్పించాలని పాతదాని గుట్టు విప్పాడు.

"తాతా, నిజం చెప్తా. ఆ పాతదానికి ఇంజను ఆగిపోయేది మామూలే. నాలుగింటితో పోయి మూడింటితో వచ్చిన దినాలు శానా ఉండాయి. మేం దాన్ని మూడింజన్ల విమానమని ఎగతాళి చేస్తాంటాం."

తాత గిర్రున మా ఆయన వైపు తిరిగాడు. "నడి సముద్రంలో ఆగిందా?"

"ఆ. నడి సముద్రంలోనే."

"మూడింటితోనే గట్టుకు తెచ్చిందా?"

"తెచ్చింది."

"మనుషులకు ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదు, గానీ..."

"ఆ కొత్తది? అది ఎప్పుడన్నా కూలబడిందా?"

"ల్యా తాతా! ఒక్కతూరి కూడా ల్యా. అందుకే కదా దీన్ని కొనింది" అన్నాడు మా ఆయన గెలిచినవాడిలాగా.

"అయితే దాని గుణం ఎవురికీ తెలీదు" అని తాత పాత విమానం దగ్గరికి పోయి దాని సన్నటి కాలి మీద చెయ్యి వేశాడు. "పడి లేచింది ఇది. నా పాప దీంట్లో పోతాది. దాంట్లో పోదు."

 లోకమంతా ఏ లోపం చూసి ఆ విమానాలను తీసేస్తోందో సరిగ్గా ఆ లోపాన్ని చూసి మా తాత దాన్ని మెచ్చాడు. సాయిబు తాత ఈ మాటలను ఉర్దూలో పనివాళ్ళకు చెప్తే వాళ్ళు పడీ పడీ నవ్వారు. తలనెరిసిన మేస్త్రీ ఒకడు మాత్రం నవ్వకుండా వచ్చి తాతకు చెయ్యి కలిపాడు. ఆ పాత విమానాల మీదే ఆయన వయసంతా గడిచిందట.

నాకు అదేమీ పట్టలేదు. ఒప్పుకున్నాడు, అది చాలు. మూడు తోకలైతే ఏమి, ముప్పై తోకలైతే ఏమి. పాతవి ఇంకా కొన్ని నెలలు నైరోబీకి తిరుగుతాయని మా ఆయన కనుక్కుని చెప్పాడు. ఆయన ముందు పోవాలి, పాస్‌పోర్టు వచ్చాక నేను పోవాలి. నన్ను పాతదాంట్లోనే ఎక్కిస్తానని తాతకు మాట ఇచ్చాడు.

ఆ కొన్ని నెలలూ జమ్మలమడుగులో మా తాత నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. ఎవరి గడపలో కూర్చున్నా ఆ మూడు తోకలదాని ముచ్చటే. చింతచెట్టు కింద చుట్ట కాల్చుకునేవాళ్ళకు ఇంజన్లు ఎన్ని ఉండాలో, గుర్తు దాటాక ఎందుకు వెనక్కి తిరగరాదో నేలమీద పుల్లతో గీసి చెప్పేవాడు. చివరకు ఎద్దుల బేరంలో కూడా, "ఇది మూడింటితో వచ్చే రకమప్పా, కొనుక్కో" అని చెప్పే స్థితికి వచ్చాడు. రైతులకు అర్థమయ్యేది కాదు, అయినా కొనుక్కునేవారు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. నన్ను పంపడానికి ఆయన మనసు సిద్ధపడుతోందని మురిసిపోయాను.

నా పాస్‌పోర్టు వచ్చింది. మళ్ళీ ముగ్గురం రైలెక్కాం. ఈసారి నాతో ఒక ట్రంకుపెట్టె, జాడీ నిండా ఊరగాయ, సాయిబు తాత భార్య కుట్టిచ్చిన బొంత ఉన్నాయి. బొంబాయి విమానాల అడ్డాకు పొద్దున్నే చేరాం. మా ఆయన స్నేహితుడు, షెడ్డులో పనిచేసే మరాఠీ అతను, మా కోసం కాచుకుని ఉన్నాడు. అతను హిందీలో సాయిబు తాతతో ఏదో చెప్పాడు. సాయిబు తాత తలూపి, గడ్డం గోక్కుని, ఏమీ చెప్పకుండా ఊరుకున్నాడు.

బడిలో నేర్చుకున్న హిందీ నాకు కొంచెం వచ్చు. పాతవాటిని అనుకున్నదానికన్నా ముందే ఆపేశారట. మూడు తోకలవి ఒక్కటి కూడా ఇంక నైరోబీకి పోవట. నేను ఎక్కాల్సింది కొత్తదాంట్లో.

చెప్పకుండా దాచేదేముంది. కంచెకు అవతల అదే నిలబడి ఉంది, ఎండలో తళతళలాడుతూ. తాత దాన్ని చూశాడు, సాయిబును చూశాడు.  కంచె పక్కన నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

నాకు తిక్క రేగింది. నాకు తిక్క రేగితే పెద్దా చిన్నా చూడను, అది ఆయన పెంపకమే. "ఇంక లే తాతా! ఏముంది ఇప్పుడు? ఎద్దనుకుంటివా దాన్ని, ఇసకలో తోలి చూసేదానికి? అంత పెద్ద కంపెనీవాళ్ళు తెలీకుండానే కొనింటారా? నీ చాదస్తానికి నేను ముసలిదాన్నయ్యేదాకా జమ్మలమడుగులో పేడ ఎత్తుకుంటా ఉండాలనా?" అని ఇంకా ఏమేమో అన్నాను. చుట్టూ ఉన్న దొరలూ దొరసానులూ ఆగి చూస్తున్నారు. ఆయన తల దించుకుని అన్నీ విన్నాడు. నాకు మాటలు అయిపోయాక నేనూ ఆయన పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన వద్దనబోతున్నాడని నాకు తెలిసిపోయింది. వద్దంటే నేను ట్రంకుపెట్టె ఎత్తుకుని వెనక్కి తిరుగుతానని కూడా తెలుసు.

తాత నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఆ పొద్దు మీయమ్మ వద్దనింది పాపా."

నాకు మొదట ఏ పొద్దో అర్థం కాలేదు.

"గట్టు మీద నిలబడి అనింది. నీళ్ళ రంగు మారింది నాయనా, పైన యాడనో వాన పడింటాది, రేపు పోదాం అనింది. నేను నవ్వినా. కొత్త ఎద్దులు కదా, నా కండ్లు వాటి మీదుండాయి. ఈ ఎద్దులకు ఈ ఏరు ఒక లెక్కనా, కూచోమ్మా అని కసిరినా. అది ఇంగ మాట్లాడకుండా ఎక్కి కూచునింది."

సాయిబు తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకు కూడా అది తెలియదని నాకు ఆ తిప్పుకోవడంలోనే తెలిసింది.

"ఇన్నేండ్లూ ఎద్దులది తప్పని చెప్పుకుంటా వచ్చినా. గొడ్లకేం తెలుసు. నీళ్ళను చూసింది మీయమ్మ. నేను దాని మాట ఇనలా."

పైన మైకులో ఏదో పిలుస్తున్నారు. మరాఠీ అతను గడియారం చూసుకుంటూ దూరంగా నిలబడ్డాడు. తాత నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు నేను వద్దంటే నువ్వు ఆగిపోతావు. నాకు తెలుసు. అందుకే నేను అనను. నువ్వు చూడు దాన్ని. బాగా చూసి చెప్పు. పోతావా, వద్దా? నువ్వు ఏమంటే అది."

ఆయన నన్ను కసిరాడు, కొట్టాడు, గారాబం చేశాడు, నా కోసం లోకంతో పోట్లాడాడు. నువ్వేమంటావని అడగడం మాత్రం అదే మొదలు. నేను కళ్ళు తుడుచుకుని దాని వైపు చూశాను. అప్పటిదాకా ముద్దుగా ఉందనుకున్న విమానం నిజంగా చూస్తే ఎంత పెద్దదో, ఎంత కొత్తదో కనబడింది. దాని ముందు మెట్లు ఎక్కుతున్న మనుషులు చిన్నగా ఉన్నారు.  పటంలో నాన్న చూపించిన నీలం గుర్తొచ్చింది. దాని అవతల మా ఆయన కంచె పట్టుకుని నా కోసం చూస్తూ ఉంటాడు.

"బయంగా ఉండాది తాతా" అన్నాను. "అయినా పోతా."

"నాకూ బయమే" అన్నాడు తాత. "బయం నేను ఈడ కూచోని పడతాలే. నువ్వు పో."

పోయాను. ఎట్లా లేచానో, ఎట్లా నడిచానో, మెట్ల మీద వెనక్కి తిరిగి చూశానో లేదో నాకు గుర్తులేదు. విమానం సముద్రం మీదికి పోయాక కింద చాలాసేపు నీళ్ళు కనబడ్డాయి. నాలుగు ఇంజన్లూ ఏ గొడవా చేయకుండా పనిచేశాయి. నైరోబీలో మా ఆయన నిజంగానే కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

తక్కిన సంగతి మూడేళ్ళ తర్వాత తిరిగి వచ్చినప్పుడు సాయిబు తాత చెప్పాడు. అప్పటికి మా తాత లేడు. విమానం కనుమరుగయ్యాక కూడా ఆయన కంచె దగ్గర నుంచి లేవలేదట. "దాటింటాదా సాయిబూ?" అని అడిగాడట. "ఇప్పుడే కదా మామా పోయింది" అన్నాడట ఈయన. రైలెక్కాక ప్రతి టేషన్‌లోనూ అదే మాట. "దాటింటాది మామా, దాటింటాది" అని చెప్పీ చెప్పీ సాయిబు తాత గొంతు ఎండిపోయిందట. ఎర్రగుంట్లలో దిగి జమ్మలమడుగు బస్సెక్కేదాకా తాత ఒక్క ముద్ద కూడా ముట్టలేదట.

నేను క్షేమంగా చేరానని మా ఆయన ఇచ్చిన తంతి వాళ్ళకన్నా ముందే ఊరికి వచ్చి ఉంది. పోస్టు మాస్టరు చదివి చెప్పాడు. తాత ఇంకొకసారి చదివించుకుని, ఇంటికి పోకుండా నేరుగా ఏటికి దిగాడట. నీళ్ళు లేవు, ఇసక. నడిమధ్యకు పోయి కూర్చుని మా అమ్మను పేరు పెట్టి పిలిచి ఏడ్చాడట. అమ్మ పోయిన నాటినుంచీ ఆయన ఆ పేరు పలకడం గానీ ఏడవడం గానీ సాయిబు తాత చూడలేదు. ఈయన ఆయన్ను ఆపలేదట. పక్కన కూర్చుని, ఏడుపు అయిపోయాక చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడట.